శ్రీ పి. వి. నరసింహారావు గారి కంప్యూటరు విద్య

విద్య నార్జించుటకు వయోనియమము లేదని పెద్దలు చెప్పుదురు. చెప్పుట సులభము, ఆచరించుట కష్టము. అరువదియేండ్లు దాటినవాడు కొత్త విద్యకు పూనుకొన్నచో ఇంటివారు నవ్వుదురు. ఊరివారు వింతగా చూతురు. అందరికంటె ముందు తన మనస్సే తన్ను వెనుకకు లాగును. “ఈ వయస్సున మనకేల?” అను మాట పల్లెలయందు ప్రతి అరుగు మీదను వినబడుచుండును. ఈ మాటకు సమాధానము వెదకుటకు దూరదేశముల చరిత్రలు తిరుగవేయనక్కరలేదు. నేడు పెద్దపల్లి జిల్లాలో నున్న మంథని నుండి నాలుగు మారులు శాసనసభకు ఎన్నికై, పిమ్మట భారతదేశమునకు ప్రధానమంత్రియైన శ్రీ పాములపర్తి వేంకట నరసింహారావు గారి జీవితమందే ఆ సమాధానము కలదు.

ఆయన రాజకీయ జీవితమును గూర్చి గ్రంథములు పెక్కు వెలువడినవి. అందలి గుణదోష విచారణ ఈ వ్యాసమునకు విషయము కాదు. ఆరుపదులు దాటిన పిమ్మట ఆయన కంప్యూటరు విద్యను ఎట్లు నేర్చిరి, ఆ నేర్పునందు గ్రంథపఠనమునకు గల పాలెంత, ఆయన నడచిన దారి పల్లెవారికి నేడు తెరచియున్నదా, మూసియున్నదా అనునదియే ఇచ్చట విచార్యము.

పూర్వరంగము

నరసింహారావు గారు 1921వ సంవత్సరము జూన్ 28వ తేదీన వరంగల్లు ప్రాంతమందలి లక్నేపల్లి గ్రామమున జన్మించి, నాటి కరీంనగరు జిల్లాలోని వంగర గ్రామమునకు దత్తత వెళ్లిరి. ఆ వంగర నేడు హనుమకొండ జిల్లాలో నున్నది. 1938లో నిజాము రాజ్యమున జరిగిన వందేమాతర ఉద్యమమున పాల్గొన్నందున ఆయన ఉస్మానియా విశ్వవిద్యాలయపు చదువునకు దూరమైరి. ఇచ్చట తలుపు మూసిన విద్యను ఆయన నాగపురమునకును పుణ్యపురమునకును పోయి సంపాదించిరి. పూనాలో ఫెర్గూసన్ కళాశాలయందు విజ్ఞానశాస్త్రమును, నాగపురమున న్యాయశాస్త్రమును చదివిరి. కవిత్వము వ్రాయువాడు గణితమునకు వెరచుననియు, గణితము తెలిసినవాడు కవిత్వమునకు దూరముగా నుండుననియు లోకమున నొక అభిప్రాయము కలదు. ఆ అభిప్రాయము ఆయన యెడ నిలువలేదు.

సాహిత్యమున ఆయన కృషి చిన్నది కాదు. విశ్వనాథ సత్యనారాయణ గారి ‘వేయిపడగలు’ నవలను ‘సహస్రఫణ్’ అను పేర హిందీలోనికి పరివర్తించిరి. హరినారాయణ ఆప్టే గారి మరాఠీ నవలను ‘అబల జీవితము’ అను పేర తెలుగు చేసిరి. వరంగల్లు నుండి వెలువడిన ‘కాకతీయ పత్రిక’ను పాములపర్తి సదాశివరావు గారితో గలసి నడపిరి. పదికి పైగా భాషలు ఆయనకు వశమై యుండెను. ఒక భాష నేర్చిన వానికి రెండవది సులభము, రెండు నేర్చిన వానికి మూడవది మరింత సులభము. కంప్యూటరు విద్యయు నొక విధముగా భాషాభ్యాసమే యని తెలిసినవారికి, ముందు జరిగిన కథ యందు ఆశ్చర్యము కొంత తగ్గి, అర్థము కొంత పెరుగును.

1957, 1962, 1967, 1972 సంవత్సరముల ఎన్నికలలో ఆయన మంథని నుండియే శాసనసభకు వెళ్లిరి. గోదావరీ తీరమందలి మంథని వేదాధ్యయనమునకు పేరుపడిన పురాతన క్షేత్రము. మంత్రపురి యని దానికి నామాంతరము. అచ్చటి పండితులు వేదమును పదముగను, క్రమముగను, జటగను, ఘనముగను వల్లించు పద్ధతి నెరిగినవారు. ఒకే మంత్రమందలి పదములను ముందునకును వెనుకకును త్రిప్పి చదువుటలోని ప్రయోజనము వినువారిని మురిపించుట కాదు. ఒక్క స్వరమైనను, ఒక్క అక్షరమైనను జారిపోకుండ కాపాడుట. ఒక పాఠమున దొర్లిన తప్పు మరియొక పాఠమున పట్టుబడును. నేటి యంత్రములును ఒక ఊరి నుండి మరియొక ఊరికి అక్షరములను పంపునపుడు, అవి చెదరకుండ చేరినవో లేదో తెలిసికొనుటకు వెంట కొన్ని తనిఖీ అంకెలను పంపుచుండును. సాధనములు వేరు, జాగ్రత్త యొక్కటే.

శాస్త్రము తెలుగున ఉండవలెను

ఆంధ్రప్రదేశ్ విద్యామంత్రిగా నున్న కాలమున నరసింహారావు గారు చేసిన యొక కార్యమును ఈ సందర్భమున ప్రత్యేకముగా స్మరింపవలెను. 1968లో తెలుగు అకాడమి స్థాపింపబడెను. దానికి ప్రథమాధ్యక్షులు ఆయనయే. కళాశాలలయందు భౌతిక, రసాయన, గణిత, అర్థశాస్త్రములను తెలుగున బోధింపవలెనన్నచో, ముందుగా ఆ శాస్త్రములు తెలుగున ఉండవలెను. అందులకై పాఠ్యగ్రంథములు, పారిభాషిక పదకోశములు సిద్ధము చేయుట ఆ సంస్థకు కర్తవ్యమైనది. ఆంగ్లము రానివాడు తెలివి లేనివాడు కాడనియు, వాని తెలివికి అందునట్లు గ్రంథము వ్రాయుట చదువుకొన్నవారి ఋణమనియు అందలి భావము. 1906లో కొమర్రాజు లక్ష్మణరావు గారు మొదలగువారు విజ్ఞానచంద్రికా గ్రంథమండలిని స్థాపించుటయు ఇట్టి భావముతోనే. 1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము, 1904లో హనుమకొండయందు రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయము వెలసినదియు ఇందులకే.

ముఖ్యమంత్రిగా నున్నపుడు 1971లో నల్లగొండ జిల్లా సర్వేలు గ్రామమున ఆశ్రమ పాఠశాలను, కేంద్రమున మానవవనరుల మంత్రిగా నున్నపుడు నవోదయ విద్యాలయములను ప్రారంభింపజేసినదియు ఆయనయే. పల్లెటూరి పిల్లవానికి పట్టణపు చదువు అందవలెనను పట్టుదల ఆయన అధికార జీవితమందంతటను గానవచ్చును.

యంత్రము ఇంటికి వచ్చుట

1984 చివర శ్రీ రాజీవ్ గాంధీ ప్రధానమంత్రి యైరి. దేశమున కంప్యూటర్లను గూర్చిన ప్రసంగములు ఆనాడే విరివి యైనవి. కంప్యూటరు వచ్చిన గుమాస్తాల కొలువులు పోవునని కొందరు భయపడిరి. దేశము ఇరువదియొకటవ శతాబ్దమున కడుగు పెట్టునని కొందరు ఉత్సహించిరి. 1984-85లో ఎంపిక చేసిన కొన్ని ఉన్నత పాఠశాలలకు కంప్యూటర్లను పంపి, విద్యార్థులకు పరిచయము చేయు పథకము మొదలయ్యెను. నరసింహారావు గారు మొదట రక్షణమంత్రిగను, 1985 సెప్టెంబరు నుండి మానవవనరుల మంత్రిగను ఆ ప్రభుత్వమున నుండిరి.

ఆయన జీవితచరిత్రను ‘హాఫ్ లయన్’ అను పేర 2016లో ప్రకటించిన వినయ్ సీతాపతి గారు ఒక సంఘటనను వ్రాసిరి. ఒకనాడు రాజీవ్ గాంధీ గారు మిత్రునితో మాటలాడుచు, ఎలక్ట్రానిక్ యంత్రములను దేశములోనికి రానీయదలచినట్లును, పార్టీయందలి వృద్ధులకు ఈ సంగతి బోధపడదన్నట్లును పలికిరట. ఆ వృద్ధులలో నొకరు అచ్చటనే యుండిరి. నరసింహారావు గారు ఆ మాట విని మారు పలుకలేదు. నొచ్చుకొని వాదింపలేదు. ఆ రాత్రి హైదరాబాదున నున్న కుమారునితో మాటలాడి, తమకొక కంప్యూటరును పంపుమని కోరిరి. అప్పటికి ఆయన వయస్సు 64 ఏండ్ల ప్రాంతము.

యంత్రము ఢిల్లీకి చేరెను. నేర్పుటకు మొదట ఒక శిక్షకుని నియమించుకొనిరి. కొలది కాలములోనే ఆ శిక్షణ చాలించి, కంప్యూటరు గూర్చిన కరదీపికలను తెప్పించుకొని తామే చదువుకొన మొదలిడిరి. ఆరు నెలలు గడచునప్పటికి యంత్రము ఆయన చేతిలో పనిముట్టయ్యెను. అంతటితో ఆగక కోబాల్, బేసిక్ అను రెండు కంప్యూటరు భాషలను నేర్చిరి. యూనిక్స్ పద్ధతియందును ప్రోగ్రాములు వ్రాయగలవారైరి.

ఈ కథను చెప్పువారు సాధారణముగా ఆయన పట్టుదలను మెచ్చి విడుతురు. దానిలో గ్రంథాలయ పాఠకులు గమనింపవలసిన రహస్యము వేరొకటి కలదు. ఆయన యంత్రమును నేర్చినది యంత్రము చూచి కాదు, పుస్తకము చదివి. శిక్షకుడు చెప్పునది ఆనాటి పాఠము వరకే. పుస్తకము చెప్పునది అడిగినపుడెల్ల. వయస్సు మీరినవానికి మరపు సహజము. శిక్షకుని ఒకే ప్రశ్న నాలుగు మారులు అడుగుటకు అభిమానము అడ్డు వచ్చును. పుస్తకమును నలుబది మారులు తెరచినను అది విసుగుకొనదు. సూత్రమును చదివి, వృత్తిని చూచి, ఉదాహరణమును తామే సాధించి చూచుకొనుట ప్రాచీనులు వ్యాకరణమును నేర్చిన మార్గము. ఆయన కంప్యూటరును సాధించినదియు ఆ మార్గముననే.

మూడు విద్యలు

ఆనాటి గృహోపయోగ కంప్యూటర్లు నేటివానివలె బొమ్మలతో నిండినవి కావు. నల్లని తెర మీద అక్షరములు మాత్రమే కనబడుచుండెడివి. వ్రేలితో తాకిన పలుకునవి కావు. ఆజ్ఞను అక్షరము తప్పకుండ టైపు చేయవలసినదే. వ్రాసినదానిని దాచుకొనుటకు 5¼ అంగుళముల పలుచని ఫ్లాపీ పలకలు వాడుకలో నుండెను. వానిలో బహుళముగా చెల్లినదానికి 360 కిలోబైట్లు పట్టును. ఒక్కొక్క ఆంగ్లాక్షరమునకు ఒక్కొక్క బైటు చొప్పున లెక్కించిన, పుటకు 1,800 అక్షరములు గల 200 పుటల పుస్తకమొకటి అందులో ఇముడును. ఒక పలక, ఒక పుస్తకము. నేడు జేబులో నుండు సామాన్యమైన ఫోను ఒక పెద్ద గ్రంథాలయమును మ్రింగి ఇంకను చోటున్నదనును.

ఆయన నేర్చిన మూడు విద్యలు ఎట్టివో సంగ్రహముగా తెలిసికొన్న గాని ఆ శ్రమ విలువ తెలియదు.

కోబాల్ భాష 1959లో అమెరికా దేశమున రూపొందింప నారంభింపబడినది. ఇది వర్తకుల భాష, లెక్కల భాష. జీతముల పట్టీలు, బ్యాంకు ఖాతాలు, సరుకుల నిల్వలు వ్రాయుటకై పుట్టినది. ఇందు ప్రతి ప్రోగ్రామునకు నాలుగు విభాగములుండును. ఈ లెక్క ఎవరిదో తెలుపునది మొదటిది; ఏ యంత్రముపై నడచునో తెలుపునది రెండవది; ఏయే పద్దులు, ఒక్కొక్క పద్దునకు ఎన్ని అంకెల చోటు అని తెలుపునది మూడవది; కూడికలు తీసివేతలు ఏ వరుసను జరుగవలెనో ఆజ్ఞాపించునది నాలుగవది. పహాణీ వ్రాసినవానికి, జమాబందీ చూచినవానికి ఈ పద్ధతి కొత్త కాదు. గడులు ముందు గీసికొని, శీర్షికలు వ్రాసికొని, పిమ్మట అంకెలు నింపుటయే కదా లెక్క. వాక్యము చివర చుక్క పెట్టవలసిన చోట పెట్టకున్నచో కోబాల్ ప్రోగ్రాము అర్థమే మారిపోవచ్చును.

ఈ సందర్భమున వృత్రాసురుని కథ జ్ఞప్తికి వచ్చును. ఇంద్రుని చంపగల కుమారుని గోరి త్వష్ట హోమము చేసెను. ‘ఇంద్రశత్రు’ శబ్దమును ఉచ్చరించుటలో స్వరము తప్పెను. ఇంద్రుని చంపువాడు అను అర్థము పోయి, ఇంద్రుడు ఎవనిని చంపునో వాడు అను అర్థము వచ్చెను. పుట్టిన వృత్రుడు ఇంద్రుని చేతనే చచ్చెను. హోమకుండము వేల్చువాని మనస్సులోని కోరికను విచారింపలేదు. నోటి నుండి వెడలిన శబ్దమునే గ్రహించెను. కంప్యూటరు స్వభావమును ఇదియే. అది మన ఉద్దేశమును చదువదు, వ్రాసిన ఆజ్ఞను చదువును. ఈ సంగతి తెలియని వాడు యంత్రమును తిట్టును. తెలిసినవాడు తన వ్రాతను తిరిగి చూచుకొనును.

బేసిక్ భాష 1964లో అమెరికాలోని డార్ట్‌మత్ కళాశాలయందు జాన్ కెమెనీ, థామస్ కర్ట్జ్ అను ఇరువురు ఆచార్యులు నిర్మించినది. శాస్త్రము చదువని విద్యార్థులును కంప్యూటరును వాడగలుగవలెనని వారి కోరిక. ఆనాటి బేసిక్‌లో ప్రతి పంక్తికిని ఒక సంఖ్య యుండెడిది. పంక్తులకు 1, 2, 3 అని గాక 10, 20, 30 అని సంఖ్యలు వేయుట వాడుక. ఏల యనగా, నడుమ ఏదైన మరచిన యెడల 15 అని యొక పంక్తిని ఇమిడ్చుటకు చోటుండును. తప్పు జరుగునని ముందే యెరిగి చోటు విడుచుట వివేకుల లక్షణము.

యూనిక్స్ 1969లో బెల్ ప్రయోగశాలలయందు కెన్ థామ్సన్, డెన్నిస్ రిచీ మొదలగువారిచే ఆరంభింపబడినది. ఇది లెక్క వ్రాయు భాష కాదు. యంత్రముచే పనులు చేయించు మేస్త్రీ వంటిది. ఇందలి ప్రోగ్రాములు చిన్నవి. ఒక్కొక్కటి ఒక్క పనినే చక్కగా చేయును. ఒకటి చేసిన పనిని వేరొకటి అందుకొని ముందునకు సాగించును. ప్రత్తి నుండి గింజ దీయువాడొకడు, ఏకువాడొకడు, వడకువాడొకడు, నేయువాడొకడు, రంగు లద్దువాడొకడు. చివరకు చీర తయారగును. నేతపనికి పేరుగన్న కరీంనగరు సీమవారికి యూనిక్స్ తత్త్వమును ఇంతకంటె వివరింప నక్కరలేదు.

నేర్చిన విద్య వినియోగము

నేర్చిన విద్యను ఆయన అటకెక్కింపలేదు. 1991 జూన్ 21న ప్రధానమంత్రి యైరి. 1996 మే వరకు ఆ పదవిలో నుండిరి. ఆ అయిదేండ్లలో దేశమున జరిగిన మార్పులలో యంత్రసంబంధమైనవి కొన్ని స్మరింపదగును. 1991లోనే సాఫ్ట్‌వేర్ టెక్నాలజీ పార్కుల సంస్థ ఏర్పడెను. 1994లో జాతీయ టెలికాం విధానము ప్రకటింపబడెను. 1995 జూలై 31న మొదటి మొబైలు ఫోను సంభాషణ కలకత్తా, ఢిల్లీ నగరముల నడుమ జరిగెను. అదే సంవత్సరము ఆగస్టు 15న సామాన్య ప్రజలకు ఇంటర్నెట్ తెరువబడెను. ఇవి యన్నియు ఒక్కని వలన జరిగినవనుట చరిత్రకు న్యాయము కాదు. అయినను, ఈ యంత్రములను గూర్చిన కాగితములు బల్ల మీదికి వచ్చినపుడు, వానిని స్వయముగా తెరచి చూచి, ఆజ్ఞలు వ్రాసి, తప్పులు దిద్దుకొన్న అనుభవము గల ప్రధానమంత్రి ఆ బల్ల వెనుక కూర్చుండెను.

పదవి దిగిన పిమ్మట 1998లో ‘ది ఇన్‌సైడర్’ అను ఆయన ఆంగ్ల నవల వెలువడెను. దానిని ఆయన స్వయముగా కంప్యూటరు మీద టైపు చేసికొనిరి. ఇది కల్లూరి భాస్కరం గారి తెలుగు సేతయందు ‘లోపలి మనిషి’గా పాఠకులకు పరిచితమే. పుస్తకముచే యంత్రమును నేర్చినవాడు, ఆ యంత్రముచే మరల పుస్తకమునే నిర్మించెను. యంత్రము వచ్చిన పుస్తకము చచ్చునని భయపడువారు ఈ యొక్క దృష్టాంతమును మనస్సున నిలుపుకొనిన చాలును. ఆయన 2004 డిసెంబరు 23న దివంగతులైరి. 2024లో ఆయనకు మరణానంతరము భారతరత్న బిరుదము ప్రదానమయ్యెను.

తెలుగు లిపి యంత్రమునెక్కుట

ఈ కథలో నొక లోటు కలదు. దానిని దాచుట పాఠకులకు మేలు కాదు. నరసింహారావు గారు చదివిన కరదీపికలు ఆంగ్లమున నుండెను. కోబాల్ ఆజ్ఞలు ఆంగ్ల పదములు. ఆయనకు ఆంగ్లము కొట్టినపిండి కావున కొరత కలుగలేదు. ఆంగ్లము రాని రైతు, రజకుడు, నేతవాడు, గృహిణి ఏ పుస్తకము చదివి యంత్రమును నేర్వవలెను? తెలుగు అకాడమిని స్థాపించిన నాటి ప్రశ్నయే మరల తలయెత్తుచున్నది.

ఈ ప్రశ్నకు సగము సమాధానము లభించినది. లిపి విషయమున తెలుగు గెలిచినది. కాన్పూరు ఐ.ఐ.టి. యందు 1980 దశకములో మొదలైన కృషి పూనాలోని సి-డాక్ సంస్థ చేత వృద్ధి పొంది, భారతీయ లిపులన్నిటిని కంప్యూటరు తెర మీదికి దెచ్చెను. 1986లో ఇన్‌స్క్రిప్ట్ అను కీలకముల అమరిక ఏర్పడెను. దీనిని చూచిన వ్యాకరణము చదివినవారు సంతసింపక మానరు. అచ్చులు, వాని గుణింతపు గుర్తులు ఎడమ చేతి వైపు. హల్లులు కుడి చేతి వైపు. క నొక్కు మీటను షిఫ్టు మీటతో గలిపి నొక్కిన ఖ వచ్చును. అట్లే గ ఘ, త థ, ద ధ, ప ఫ, బ భ. అల్పప్రాణము క్రింద, మహాప్రాణము దాని మీద. వర్ణమాలను కూర్చిన ప్రాచీనులు నోటియందు ధ్వని పుట్టు స్థానములను బట్టి అక్షరములను పేర్చిరి; ఆ పేర్పు రెండు వేల యేండ్లకు పైబడి యంత్రపు మీటల మీద కూర్చుండెను.

1991లో యూనికోడ్ అను ప్రపంచ లిపి సంకేత పట్టిక యొక్క ప్రథమ ముద్రణమున తెలుగునకు 128 స్థానముల వాడ యొకటి కేటాయింపబడెను. ఊరిలో ప్రతి ఇంటికి నంబరున్నట్లు, ప్రతి తెలుగక్షరమునకు ప్రపంచమంతట చెల్లు సంఖ్య యొకటి ఏర్పడెను. అంతకు ముందు ఒక కంప్యూటరున వ్రాసిన తెలుగు మరియొక కంప్యూటరున పిచ్చిగీతలై కనబడెడిది; ఒక్కొక్క కంపెనీ ఖతి ఒక్కొక్క లెక్కను నడచుటయే అందులకు కారణము. కెనడా దేశమున నివసించిన తిరుమల కృష్ణదేశికాచార్యుల వారు తెలుగు ఖతులను తీర్చి, వానికి పోతన, వేమన యని పేర్లిడి లోకమునకు ఉచితముగా నిచ్చిరి. 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియా మొదలయ్యెను. జీతము లేని వందలాది మంది చేతులు దానిని నింపుచున్నవి.

లిపి గెలిచినను తెలుగక్షరము యంత్రమునకు సులభముగా లొంగునది కాదు. 2018 ఫిబ్రవరిలో జరిగిన విచిత్రము చెప్పదగినది. ఆపిల్ కంపెనీ వారి ఐఫోనులకు ఒక సందేశమున ‘జ్ఞా’ అను అక్షరము వచ్చినచో, ఆ సందేశమును తెరచిన పరికరము స్తంభించిపోవుచుండెను. జకారమునకు ఞకారము చేరి, దానికి దీర్ఘము తగులునప్పుడు, నడుమ కంటికి గానరాని సంకేతమొకటి చేరి యుండుట చేత, దానిని ఎట్లు గీయవలెనో తెలియక యంత్రము తల్లడిల్లెను. ఆ నెల 19వ తేదీన కంపెనీవారు సవరణను పంపిన మీదట గాని దోషము తొలగలేదు. లక్షల రూపాయల జీతములు గొను ఇంజనీర్లు ఒక్క తెలుగు సంయుక్తాక్షరము ముందు నిలువవలసి వచ్చెను. ఆ అక్షరము ‘జ్ఞానము’నకు మొదటి అక్షరమగుట యాదృచ్ఛికమే, కాని అందు పాఠమొకటి లేకపోలేదు. ఒక భాషను వాడువారు తమ భాష పక్షమున మాటలాడకున్నచో, దూరమున నున్న యంత్రనిర్మాత దానిని సరిగా పరీక్షించి చూడడు. వాడుక యుండిననే సవరణ జరుగును.

మిగిలిన సగము

లిపి వచ్చినది, శాస్త్రము ఇంకను కొరతగానే యున్నది. నేడు పల్లెయందు కూడ ఫోను లేని ఇల్లు అరుదు. భూమి పత్రములు, పింఛను, గ్యాసు, రైలు టిక్కెట్టు, అంగటి చెల్లింపులు అన్నియు దాని మీదనే నడచుచున్నవి. అయినను వృద్ధులు మనుమని పిలిచి, “నాయనా, ఇది ఏమని యున్నదిరా?” యని అడుగుచుందురు. మనుమడు విసుగుతో రెండు మీటలు నొక్కి, పని ముగించి, ఫోను చేతికిచ్చును. పని జరిగెను గాని విద్య రాలేదు. రహస్య సంఖ్యను ఇతరులకు చెప్పినవారు, తెలియని లంకెను నొక్కినవారు, బ్యాంకున దాచుకొన్న సొమ్మును పోగొట్టుకొన్న వార్తలు పత్రికలయందు తరచు కనబడుచున్నవి. వారికి తెలివి లేక కాదు. వారి భాషలో, వారి వయస్సునకు తగినట్లు వ్రాసిన కరదీపిక వారి చేతి కందక.

యువకుల స్థితి వేరు. వారికి ఫోను వేగముగా వచ్చును. కాని తెలుగు మాటను ఆంగ్లాక్షరములలో వ్రాయుట వారికి అలవాటైనది. తెలుగు మీటల పలక తమ ఫోనులోనే యున్నదని తెలిసియు తెరువరు. తాతకు భాష యున్నది, యంత్రము లేదు. మనుమనికి యంత్రమున్నది, భాష జారిపోవుచున్నది. ఇరువురును కలిసికొనదగిన స్థలము గ్రామమున నొక్కటి కలదు. అది గ్రంథాలయము.

నరసింహారావు గారి కథ నుండి గ్రంథాలయములు గ్రహింపదగినది మూడు మాటలలో చెప్పవచ్చును. మొదటిది: కంప్యూటరును బీరువాకు పోటీగా గాక, బీరువా ప్రక్కన నుంచవలెను, దానిని నేర్పు పుస్తకము తెలుగున నుండవలెను. అట్టిది దొరకకున్నచో గ్రామమందలి చదువుకొన్నవారు ఇరువది పుటల చిన్న పుస్తకమును వ్రాసి అచ్చొత్తింపవలెను. పింఛను ఎట్లు చూచుకొనవలెను, తెలుగున ఎట్లు వ్రాయవలెను, మోసమును ఎట్లు గుర్తింపవలెను అను మూడు ప్రకరణములున్న చాలును. రెండవది: ఏబది దాటినవారికై వారమున నొక సాయంకాలమును ప్రత్యేకింపవలెను. ఆనాడు పిల్లలు నేర్పుదురు, పెద్దలు నేర్తురు. ప్రతిఫలముగా పెద్దలు పిల్లలకు గుణింతము తప్పని తెలుగును నేర్పుదురు. మూడవది: నవ్వు రాకూడదు. మొదటి దినము మీట తప్పు నొక్కిన వృద్ధుని చూచి ఎవరైన నవ్విన యెడల, ఆయన రెండవ దినము రాడు.

ఢిల్లీలో నొక మాట చెవిని పడినపుడు నరసింహారావు గారికి రెండు దారులుండెను. కినుక వహించి యంత్రమును నిందించుట యొకటి. పుస్తకము తెరచుట రెండవది. ఆయన రెండవదాని నెన్నుకొనిరి. ఆయనకు కేంద్రమంత్రి పదవి యుండెను, యంత్రమును పంపగల కుమారుడుండెను, ఆంగ్లము వచ్చియుండెను. పల్లెటూరి వృద్ధునకు ఈ మూడును లేవు. లేని ఆ మూడింటికి బదులుగా నిలుచుటకే గ్రామ గ్రంథాలయము పుట్టినది. 25 ఏండ్లుగా ఎందరికో దినపత్రికను, భారత భాగవతములను, నవలలను అందించిన ఈ బల్లల మీద ఇకముందు ఈ విద్యయు అందినచో, రజతోత్సవము సార్థకమగును. స్వర్ణోత్సవ సంచికయందు అట్లు నేర్చుకొన్న వృద్ధు లెవరైన తమ చేతితో టైపు చేసిన తెలుగు వ్యాసమొకటి చేరుగాక.